నాలుగు వందల పద్దెనిమిది గ్రాములు

తొమ్మిదో రోజు ఉదయం కూడా ప్లీడరు తూకం నాలుగు వందల పద్దెనిమిది గ్రాములే వచ్చింది.

తూనికలు, కొలతల శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి విరమించిన ఆ ఇంటి పెద్దమనిషి అంకెను రెండుసార్లు చదివాడు. చిలుకను ఎక్కించే ముందే రెండు వందల గ్రాముల ఇత్తడి తూకపురాయి పెట్టి త్రాసును సరిచూశాడు. అది సరిగ్గా రెండు వందలు చూపింది. ఆ తర్వాతే చిలుకను పొట్టి కర్ర మీదికి ఎక్కించి, కర్రను త్రాసు మీద నిలిపి, వచ్చిన బరువులోంచి కర్ర బరువు తీసివేశాడు. ఈ పద్ధతిలో ఎక్కడా లోపం లేదు. తర్వాత జరిగినదంతా తెలిసిన మీదట కూడా త్రాసులో లోపం ఉందని ఎవరూ అనలేదు.

ప్లీడరు వయసు ముప్ఫై ఒకటి. బూడిదరంగు ఒళ్ళు, ఎర్రటి తోక. ఇంట్లో ఎవరేమన్నా వెంటనే అడ్డు తగిలి ఏదో ఒకటి అంటుంది కనుక ఆ పేరు. అది ఆయన చిలుక కాదు, భార్యది. ఆమె స్నానాలగది గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. శస్త్రచికిత్స అయి, ఊరికి అటు చివర ఉన్న ఆస్పత్రిలో మంచం మీద ఉంది. అక్కడికి పక్షులను రానివ్వరు. అంబులెన్సులోకి ఎక్కించేటప్పుడు అంత నొప్పిలోనూ ఆమె భర్త చేయి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"దాని సంగతి రోజూ నాకు చెప్పండి. చెల్లెలైతే నన్ను ఊరడించడానికి ఏదో ఒకటి చెబుతుంది. మీరు చెప్పరు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

ఆయన రోజూ సాయంత్రం అయిదింటికి ఫోన్ చేసి చెబుతూనే ఉన్నాడు. "తూకం నాలుగొందల పద్దెనిమిది. బాగానే ఉంది." అందులో మొదటి వాక్యం కొలత, రెండోది అభిప్రాయం. రెండింటినీ ఆయన ఒకే గొంతుతో చెప్పాడు.

తలుపు తీసుకుని మరదలు వచ్చింది. భార్యకు చెల్లెలు, వృత్తికి దర్జీ. ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. గుమ్మంలోకి వచ్చిన మనిషి ఏ భుజం దిగి ఉందో, ఏ వైపు నడుం పెరిగిందో మనిషి కూర్చునేలోగానే పట్టేస్తుంది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టింది.

"ఎంతొచ్చిందేంటి బావగారూ, మీ బంగారం తూకం?"

"నాలుగొందల పద్దెనిమిది."

"నిన్న?"

"పదిహేడు. మొన్న పద్దెనిమిది. అటుమొన్న పందొమ్మిది."

"అయితే త్రాసు ఆరోగ్యం బాగుందన్నమాట. చిలక సంగతేంటి?"

"చిలక్కేమైంది? కిలోకి రెండంటే రెండే గ్రాములు అటూ ఇటూ ఊగే మనిషిని నాకొకణ్ణి చూపించు."

"నిద్రపోతోంది చూడండి."

"వయసైంది. భోంచేస్తే నేనూ కునుకు తీస్తాను."

"మీరు పొద్దున్నే ఏడింటికి తియ్యరుగా! మీరైతే కునుకులో గురకైనా పెడతారు, ఇది ఆ మాత్రం చప్పుడు కూడా చెయ్యట్లేదు. నేనొస్తే 'ఎవరదీ?' అనేది. తలుపు గంటలా మోగి మనల్ని పరిగెత్తించేది. తొమ్మిది రోజులైంది దాని గొంతు విని."

"మీ అక్క లేదుగా. అలిగింది."

"అలిగానని మీతో చెప్పిందా? ఇదే మాట నేనంటే రుజువేదీ అని గంటసేపు నా ప్రాణం తీసేవారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మరదలు పంజరం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. చిలుకను తల నుంచి తోక దాకా చూసింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతులో వేళాకోళం పోయింది.

"రెండు కాళ్ళ మీదా నిద్రపోతోంది. బాగున్నప్పుడు ఒక కాలు పొట్టలోకి మడుచుకుని పడుకునేది."

"నిజమే."

"ఈకలన్నీ ఉబ్బించుకుంది. పెద్దవాళ్ళ చొక్కా చిన్నపిల్లకి తొడిగినట్టుంది."

"రెండు రోజులుగా చలిగాలి."

"కింద కాగితం మార్చారా?"

"రోజూ మారుస్తాను."

"చూసి మారుస్తున్నారా, మార్చి పారేస్తున్నారా?" ఆమె పంజరం అడుగున ఉన్న పళ్ళెం బయటికి లాగింది. "రెట్టలో ఈ భాగం సున్నం చుక్కలా తెల్లగా ఉండాలి. నిమ్మపండు పచ్చగా ఉంది."

"పచ్చి బఠానీలు పెట్టాను."

"ఎప్పుడు?"

"గురువారం."

"ఇవాళ మంగళవారం బావగారూ."

ఆయనకు ఆ క్షణంలో కలిగింది భయం కాదు, భయానికి కాస్త ముందు వచ్చే అవమానం. మాట మానేయడానికి ఒక కారణం చెప్పుకున్నాడు, నిద్రకు ఇంకొకటి, ఈకలకు ఇంకొకటి, రంగుకు మరొకటి. విడివిడిగా చూస్తే ఏ కారణమూ తెలివితక్కువది కాదు. అయితే నాలుగు సంగతులకు నాలుగు వేరువేరు కారణాలు కల్పించినవాడు, నాలుగింటికీ ఒకే కారణం ఉండవచ్చా అన్న ప్రశ్న మాత్రం వేసుకోలేదు. వేసుకోనవసరం లేకుండా చేసింది ఆ అంకె.

"తోక చూడండి," అంది మరదలు మెల్లగా. "ఊపిరి తీసినప్పుడల్లా పంపు కొట్టినట్టు కిందికీ పైకీ ఆడుతోంది. మీ గడియారం తియ్యండి. నేను లెక్కపెడతా, మీరు నిమిషం చూడండి."

యాభై ఎనిమిది వచ్చింది.

"ఇప్పుడే కదా త్రాసు ఎక్కించాను. అలజడి పడి ఉంటుంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ లెక్కపెడదాం," అన్నాడాయన. ఆ మాట తప్పించుకోవడానికి అన్నది కాదు. పద్ధతి తెలిసినవాడు ఎవడైనా అదే అంటాడు. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. పది నిమిషాల తర్వాత అరవై ఒకటి వచ్చింది.

మరదలు పంజరంలో చేయి పెట్టి, చిలుకను ఒడుపుగా బయటికి తెచ్చి, ఒళ్ళో పెట్టుకుంది. అది కొరకలేదు. ముప్ఫై ఒక్కేళ్ళలో భార్య తప్ప ఎవరు ముట్టుకున్నా కొరికే పక్షి తల వాల్చి ఊరుకుంది.

"వేలు ఇటివ్వండి. రొమ్ము మీద పెట్టండి. నొక్కకండి."

ఈకల కింద ఆయన వేలికి కండ తగలలేదు. ఎముక తగిలింది. పడవ అడుగున ఉండే దూలంలా నిటారుగా లేచి ఉంది. దానికి అటూ ఇటూ ఉండవలసిన మాంసం ఎటో పోయింది.

"ఇప్పుడు కింద. పొట్ట."

పొట్ట మెత్తగా, ఉబ్బి, గుండ్రంగా ఉంది. వేలు తీయగానే మళ్ళీ పొంగింది.

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎక్కువగా పట్టుకున్న మోసం దొంగ రాళ్ళది కాదు, తడి సరుకుది. దూది బేళ్ళ మధ్య నీళ్ళు చల్లేవారు. పొగాకు కట్టలను రాత్రంతా మంచులో ఉంచేవారు. త్రాసు నిజమే చెబుతుంది, రాళ్ళూ నిజమే చెబుతాయి, సరుకు మాత్రం తగ్గి దాని చోట నీళ్ళుంటాయి. తూకం మీద కన్నుపెట్టినవాడికి అది ఎన్నటికీ దొరకదని, సరుకులో చేయి పెట్టి చూడాలని కొత్తగా చేరిన ఇన్స్పెక్టర్లకు పాఠం చెప్పింది ఆయనే. తొమ్మిది రోజులుగా రోజూ ఉదయం ఈ పక్షిని చేతులారా త్రాసు ఎక్కించాడు. ఒక్కసారి కూడా రొమ్ము తడిమి చూడలేదు.

"నీళ్ళు," అన్నాడు. "కండ కరిగిపోతోంది, దాని బదులు నీళ్ళు చేరుతున్నాయి. అందుకే తూకం మారలేదు."

"ఇప్పుడు పాఠం వద్దు బావగారూ, పెట్టె తీసుకురండి."

పంజరంలో తిరిగి పెట్టబోతే చిలుక కర్రను పట్టుకోలేకపోయింది. కాలు జారి అడుగున పడి, మూలకు జరిగి, రెక్కలు కొద్దిగా జార్చి కూర్చుంది. అది నేల మీద కూర్చోగా ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

పక్షుల డాక్టరుకు ఫోన్ చేస్తే అవతలి నుంచి ఒకే ప్రశ్న వచ్చింది: నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? లేదన్నాడు. తెరిచేలోగా తీసుకురమ్మన్నారు.

అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, గాలికి కన్నాలు పొడిచి, టాక్సీ ఎక్కారు. పెట్టె ఆయన ఒళ్ళో ఉంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "మెల్లగా పోనివ్వమంటారా, తొందరగానా?" అన్నాడు.

"రెండూ," అంది మరదలు.

మొదటి మలుపులో పెట్టె జరగకుండా ఆయన మోకాళ్ళు బిగించాడు. రెండో మలుపు దాటాక కన్నంలోంచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏంటి?" అంది మరదలు.

"నోరు తెరిచింది."

ఆమె డ్రైవరు భుజం తట్టింది. ఇక మెల్లగా అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

డాక్టరు చిన్న వయసు ఆవిడ. పక్షిని ముట్టుకోక ముందే ఆక్సిజన్ అందే గాజుపెట్టెలో ఉంచి, రెండు నిమిషాలు బయటి నుంచే చూసింది. తర్వాత చేయి లోపలికి పెట్టి రొమ్ము, పొట్ట తడిమింది. ముక్కు కొస అతిగా పెరిగి ఉండడాన్ని వేలితో చూపింది. అది కూడా ఆయన చూసినదే. వయసు ముదిరితే గోళ్ళు మందమవడం వంటిదే అనుకున్నాడు.

"కాలేయం చెడింది సార్. పొట్టలో నీరు చేరింది. పక్షులకి ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో గాలి సంచులుంటాయి. ఈ నీరు వాటిని నొక్కేస్తోంది. అందుకే ఆ ఆయాసం."

"ఎన్నాళ్ళ నుంచి ఉండి ఉంటుంది?"

"కొన్ని వారాలు. పక్షులు జబ్బుని దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనబడినదాన్నే కదా ముందు పట్టుకుపోయేది! అలాంటిది నేల మీద కూర్చుందంటే, ఇక దాచుకోవడానికి ఓపిక లేదని." ఆవిడ చేతులు కడుక్కుంటూ కొనసాగించింది. "సూదితో నీరు తియ్యాలి. ఈ వయసులో, ఈ స్థితిలో గట్టిగా పట్టుకుంటేనే గుండె ఆగిపోవచ్చు. తియ్యకపోతే సాయంత్రం దాకా ఉంటుందని చెప్పలేను."

"నూటికి ఎన్ని పాళ్ళు బతుకుతుంది?"

"అంకె కావాలా?"

"కావాలి."

"నాకు తెలీదు సార్. చెబితే అబద్ధం చెప్పినట్టే."

ఆ ఉదయం నుంచి ఆయనకు పూర్తిగా నమ్మదగినదిగా తోచిన మొదటి మాట అది. డాక్టరు సమ్మతి కాగితం ముందుకు జరిపింది. యజమాని సంతకం అని ఉన్న చోట వేలు పెట్టింది.

"పెట్టెయ్యండి," అంది మరదలు గొంతు తగ్గించి. "అక్కకి చెప్పకండి. ఇవాళే మొదటిసారి నిలబెడతామన్నారు. ఈ కబురు వింటే మంచం దిగుతుందా?"

"దిగదేమో."

"మరి?"

"చిలక నాది కాదు."

"ఇన్నాళ్ళూ మీదే అన్నట్టు మాట్లాడారుగా! నేనేమైనా అంటే అంకె ముఖాన కొట్టారు. ఇప్పుడొచ్చిందా ధర్మం గుర్తుకి?"

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. చెప్పకుండా సంతకం పెడితే చిలుక బతికినా, పోయినా, సాయంత్రం అయిదింటికి ఆయన ఏం చెబుతాడన్నది ఒక్కటే ప్రశ్న. చిలుక బతికితే ఆ 'బాగానే ఉంది' తొమ్మిదో రోజు కూడా చెల్లిపోతుంది. అది చెల్లిపోతుందన్న సంగతే ఆయనను భయపెట్టింది. ఫోన్ తీశాడు.

రెండో మోతకే భార్య ఎత్తింది. "ఈ వేళప్పుడు ఫోనేంటి?" అని, జవాబు రాకముందే, "పోయిందా?" అంది.

"లేదు. ఉంది. పక్షుల ఆస్పత్రికి తెచ్చాం." ఉద్యోగంలో నివేదిక చదివినట్టు సంగతులన్నీ వరసగా చెప్పాడు. నీరు, సూది, ప్రమాదం. చివరికి, "బాగానే ఉందని నేను రోజూ చెప్పింది తప్పు. తూకం నిజమే. మిగతాది నేను చూడలేదు," అన్నాడు.

అవతల చక్రాల బండి ఏదో వరండాలో దొర్లిపోతున్న చప్పుడు దగ్గరై, దూరమైంది.

"మాట ఎప్పుడు మానేసింది?"

"నువ్వు వెళ్ళిన రోజే."

"అది ఆ రోజే చెప్పాల్సింది."

"అవును."

"ఎందుకు చెప్పలేదు?"

"అలిగిందనుకున్నాను."

"మీరా? అనుకున్నారా?"

ఆయన ఫోను రెండో చెవికి మార్చాడు.

"డాక్టరుకివ్వండి," అందామె.

డాక్టరు ఫోన్ అందుకుని ఎక్కువగా విన్నది, తక్కువగా మాట్లాడింది. మధ్యలో ఒకసారి గాజుపెట్టె వైపు చూసి తల ఊపింది. ఫోన్ తిరిగి ఇస్తూ, "తియ్యమన్నారు. కుడి రెక్క వైపు నుంచి చెయ్యి వస్తే గింజుకుంటుందట, ఎడమ వైపు నుంచి పట్టుకోమన్నారు. దీపం తగ్గించమన్నారు. మీరు సంతకం పెట్టండి," అంది.

దీపం తగ్గించారు. సహాయకురాలు ఎడమ వైపు నుంచి చేయి పోనిచ్చి చిలుకను తువ్వాలులో ఎత్తింది. అది గింజుకోలేదు. ఆక్సిజన్ గొట్టం ముక్కు దగ్గర పట్టుకోవడం ఆయన పని. మరదలు గోడకు ఆనుకుని నిలబడి కొలత టేపును వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది.

సూది లోపలికి వెళ్ళింది. సిరంజిలోకి లేత పసుపు నీరు మెల్లగా ఎక్కసాగింది. అలవాటు కొద్దీ ఆయన కన్ను గీతల మీదికి పోయింది. అయిదు. తొమ్మిది. పద్నాలుగు. కన్ను బలవంతంగా అక్కడి నుంచి మరల్చి చిలుక ముఖం వైపు తిప్పుకున్నాడు. కనుకనే ఆ సంగతి మొదట చూసింది ఆయన.

"తల వాల్చేసింది."

"సూది తీస్తున్నా," అంది డాక్టరు. "గొట్టం దగ్గరికి జరపండి. ఇంకా."

"ఊపిరి ఉందా?"

"ఆగండి."

ఎవరూ కదల్లేదు. బూడిదరంగు రొమ్ము నిశ్చలంగా ఉంది. డాక్టరు వేళ్ళు దాని పక్కటెముకల మీద ఉన్నాయి. గోడ దగ్గర నుంచి మరదలు గొంతు వినవచ్చింది, ప్రార్థనలా కాదు, బట్ట కొలుస్తున్నప్పుడు పలికే లెక్కలా.

"ఒకటి."

చాలా ఆలస్యమైంది.

"రెండు."

మూడో ఊపిరికి ఆమె లెక్క పలకకముందే రొమ్ము లేచింది. నాలుగోది దాని వెంటే వచ్చింది. ఇంకో నిమిషానికి చిలుక తల కొద్దిగా ఎత్తి, దగ్గరగా ఉన్న వేలును నోటితో పట్టుకుంది. పట్టు బలహీనంగా ఉంది గానీ ఉద్దేశం స్పష్టంగానే ఉంది.

"కొరికింది," అంది డాక్టరు చేయి వెనక్కి తీసుకుంటూ. "మంచి లక్షణమే. కానీ మిగతా నీరు ఇవాళ తియ్యను, గుండె తట్టుకోదు. కాలేయం మళ్ళీ కొత్తదవదు సార్. మందులిస్తాను. ఈ రాత్రి ఇక్కడే ఉండాలి. రేపు ఎలా ఉంటుందో రేపు చూద్దాం."

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ పక్షుల ఆస్పత్రి వరండాలోనే బెంచీ మీద కూర్చుని, మరదలు వెంట తెచ్చిన టిఫిన్ డబ్బాలోది తిన్నారు. తిన్నదేమిటో ఇద్దరికీ తెలియలేదు. ప్రతి అరగంటకూ ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి వచ్చారు. మూడింటికి చిలుక గాజుపెట్టెలో కింది కర్ర మీదికి ఎక్కింది. నాలుగింటికి దిగి మళ్ళీ అడుగున కూర్చుంది. దిగడం దేనికి సంకేతమో అడిగితే డాక్టరు ఒకే లక్షణం పట్టుకుని తీర్పు చెప్పలేనంది.

అయిదింటికి ఈసారి ఫోన్ భార్య దగ్గర నుంచే వచ్చింది. గొంతు అలసిపోయి ఉంది.

"నిలబెట్టారు. రెండడుగులు వేశా. తర్వాత పెట్టమన్న అడుగు పెట్టలేదు. ఇప్పుడెలా ఉంది?"

ఆయన గాజుపెట్టె ముందు నిలబడి ఉన్నాడు. చెప్పవలసినవి చాలా ఉన్నాయి. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, "నీరు తీశాక తూకం మూడొందల తొంభై తొమ్మిది..." అన్న మాటలు.

అవతల నుంచి ఆమె ఆ మాటను మధ్యలోనే ఆపింది.

"ఫోను చెల్లెలికివ్వండి," అందామె. కోపంగా కాదు. "ఇకనుంచి దానికే ఇవ్వండి."

ఆయన ఇచ్చాడు. మరదలు ఒకసారి బావగారి ముఖంలోకి చూసి, నాలుక చివరిదాకా వచ్చిన వేళాకోళాన్ని మింగి, ఫోన్ చెవికి పెట్టుకుంది.

"చెప్పక్కా... కింద కూర్చుంది. కాసేపు కర్రెక్కింది, మళ్ళీ దిగింది... తోక ఇంకా ఆడుతోంది, పొద్దుటంత కాదు... ఇప్పుడే లెక్కపెట్టా, నలభై నాలుగు... నోరు మూసుకునే ఉంది. ఈకలా? తల మీదవి అణిగాయి, ఒంటి మీదవి అణగలేదు..." ఆమె ఒక్కొక్కటి పలుకుతున్నప్పుడు ఆయన చూపు తోకకు, నోటికి, తల మీది ఈకలకు వరసగా వెళ్ళింది. ఆమె చెప్పినవన్నీ అక్కడే ఉన్నాయి. ఏవీ దాగి లేవు.

మరదలు ఫోన్ చేత్తో మూసి ఇటు తిరిగింది.

"కళ్ళు గుండ్రంగా ఉన్నాయా, నీరసంతో సాగి ఉన్నాయా అని అడుగుతోంది. అద్దం మీద దీపం పడి నాకు తెలియట్లేదు. మీరు చూసి చెప్పండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, పెట్టె ఎత్తుకు ముఖం వచ్చేలా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిలుక ఆయన వైపు కదలకుండా చూస్తోంది. అవతల ఆమె ఎదురుచూస్తోందని తెలిసినా ఆయన తొందరపడలేదు.

"ఎడమది గుండ్రంగా ఉంది," అన్నాడు చివరికి. "కుడిది సగమే తెరిచింది."